చిన్న బండికి స్టెప్నీ

తమ వంతు వచ్చిన రోజున బండి మధ్యాహ్నానికే ఇంటికి తిరిగొస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. భాగ్యమ్మకు హారన్ విన్నప్పుడే మండింది.

కొత్తవాడలో ఇంటి అరుగు మీద రాట్నం ముందేసుకుని కండెలు చుడుతోంది. పోగు తెగింది. ముడి వేయకుండానే లేచింది. తమ్ముడు పర్శరాములు ఫియట్‌ను గోడ నీడకు చేర్చి, దిగకుండా స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు. వాడలా కూర్చున్నాడంటే స్టాండులో ఎవరో ఏదో అన్నారని, వాడు నోరెత్తకుండా పడి వచ్చాడని లెక్క.

“ఏమైందిరా?”

“ఏం లేదక్కా.”

“ఏం లేకుంటె గీ యాల్లకు ఇంటికెందుకొచ్చినవ్? మేడారం గిరాకి ఖాయమైందా?”

“అయింది. మనకు గాదు. ప్రెసిడెంటు రాజం అన్న బండి పోతాంది.”

“వంతు మనది గదా?”

“మనదే. స్టెప్నీ లేదన్నడు.”

భాగ్యమ్మ కొంగు నడుముకు చుట్టి బిగించింది. చేతికంటిన నూలు దుమ్ము దులుపుకుంది. “బండి తిప్పు” అంది.

“ఎందుకక్కా లొల్లి. జాతర నాలుగు రోజులే గదా. మల్ల ఊర్ల గిరాకి ఉండనే ఉంటది.”

“ఊర్ల గిరాకితోని పెట్రోలుకే సరిపోతాంది. జాతర రెండేండ్లకోసారి వత్తది. గిప్పుడు గూడ ఇంట్లనే పెట్టుకుంటె ఇగ బండెందుకు, అమ్ముకుందాం. నువ్వు మగ్గం గుంటల కూలికి కూసో. తిప్పు.”

పర్శరాములు తిప్పాడు. అక్క కోపంగా ఉన్నప్పుడు స్టార్టర్ కూడా ఒక్కసారికే అందుకుంటుందని వాడికొక నమ్మకం.

స్టేషన్ ముందున్న ఆ టాక్సీ స్టాండులో అన్నీ అంబాసిడర్లే. ఫియట్ ఒక్కటే, అది వీళ్లది. రెండేళ్ల కింద భర్త రామస్వామి చనిపోయాక భాగ్యమ్మ దాన్ని అమ్మకుండా తమ్ముడి చేతికిచ్చింది. స్టాండులో గిరాకి వంతుల వారీగా నడుస్తుంది. స్టెప్నీ లేని బండి ఊరు దాటకూడదని సంఘం పెట్టిన రూలు. కొందరి బండ్లకు సొంత స్టెప్నీలున్నాయి, కొందరికి లేవు. లేనివాళ్ల కోసం అందరి దగ్గరా చందా పోగుచేసి ఒక ఉమ్మడి టైరు కొని స్టాండులో పెట్టారు. ఎవరు దూరం పోతే వాళ్లు డిక్కీలో వేసుకుపోవాలి, వచ్చాక తెచ్చి పెట్టాలి. ఫియట్ కూడా చందా ఇచ్చింది. కొన్నది మాత్రం అంబాసిడర్ టైరు. అది ఫియట్‌కు ఎక్కదు. ఆ సంగతి కొన్ననాడు ఎవరికీ గుర్తు రాలేదు. తరవాత గుర్తు చేసినా ఎవరికీ పట్టలేదు.

సంఘం ప్రెసిడెంట్ వెంకటరాజం చాయ్ హోటల్ బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎప్పుడూ తెల్ల చొక్కా, మెత్తటి మాట. కోపం తెచ్చుకోని మనిషని పేరు. ఎదుటివాళ్లకు తెప్పిస్తాడు గనక తనకు అవసరం పడదు.

“రా చెల్లె, కూసో. చాయ్ తాగుతవా?”

“చాయ్ తర్వాత తాగుత. మా గిరాకి ఎందుకు మార్చినవన్నా?”

“నేను మార్చుడేంది. రూలున్నది గదా. స్టెప్నీ లేని బండి ఊరు దాటొద్దు. మీ ఆయన ఉన్నప్పటి రూలే.”

“నీ బండిల ఉన్నదా?”

వెంకటరాజం గడ్డంతో హోటల్ గోడ వైపు చూపించాడు. ఉమ్మడి టైరు గోడకు ఆనించి ఉంది.

“అది అందరిది” అంది భాగ్యమ్మ.

“అందరిదే. నీ బండికి ఎక్కితె తీసుకపో. నేనద్దన్ననా?”

బల్లల మీది డ్రైవర్లు నవ్వారు. అందరికంటే ఎక్కువ నర్సింగం నవ్వాడు. వాడికి ప్రెసిడెంట్ తుమ్మినా నవ్వొస్తుంది. పర్శరాములు బండి పక్కన నిలబడి, తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడుస్తున్నాడు.

“చందా తీసుకునేటప్పుడు ఫియట్ పైసలని పక్కకు పెట్టినవా? అందర్ల కలుపుకుంటివి గదా. మా బండికి పనికొచ్చే టైరు ఒక్కటి కొనమని ఎన్నిసార్లు అడిగిచ్చిన?”

“అరే చెల్లె, జర ఆలోచన చెయ్. చిన్న బండి అది. టేషన్ నుంచి దవాఖానకు, దవాఖాన నుంచి బట్టల బజారుకు. మూలకో పంచర్ షాపున్నది. గంత దానికి పూరా సైజు టైరొకటి కొని డిక్కీల పండవెడితె ఇగ సామాన్లు ఏడ పెడతరు? ఏం ఫాయిదా?”

“టేషను దవాఖాన మధ్యనే తిరగాలని ఎవలన్నరు?”

“స్టెప్నీ లేదు గదా మరి.”

భాగ్యమ్మ ఆ మాటను మనసులో తిప్పి చూసింది. స్టెప్నీ లేదు గనక ఊరు దాటొద్దు. ఊరు దాటదు గనక స్టెప్నీ అక్కర్లేదు. ఇంత చక్కగా కట్టిన గోడను ఎక్కడ పట్టుకుని కూల్చాలి? మనిషి ముందు కూర్చుని మెత్తగా నవ్వుతుంటే చెంప మీద కొట్టాలనిపించడం పాపమైతే ఆ పాపం ఆమె ఆ క్షణంలో మనసారా చేసింది.

“నీకంత కష్టమైతాందంటె చెప్పు చెల్లె” అన్నాడు వెంకటరాజం ఇంకా మెత్తగా. “బండి నేనే తీసుకుంట. పర్శరామునికి డ్రైవర్ పని ఇస్త.”

ఇదన్నమాట సంగతి. భాగ్యమ్మ గోడ దగ్గరికి నడిచి టైరును నిలబెట్టింది. బరువుగా ఉంది. ఒక చేత్తో పట్టి, రెండో అరచేత్తో వెనక నుంచి నెట్టింది. టైరు కదిలింది.

“ఏం చేస్తానవ్ చెల్లె?”

“మా వాటా తీసుకపోతాన. ఏ ముక్క మాదో తెల్వది. నువ్వు కోసిచ్చినంక మిగిలింది తెచ్చిస్త.”

ఎవరూ నవ్వలేదు. నర్సింగం లేచాడు గానీ రెండడుగులేసి ఆగాడు. నడిబజారులో ఆడమనిషి చేతిలోంచి టైరు గుంజుకోవడం వాడివల్ల కాలేదు.

స్టేషన్ రోడ్డు పొడుగునా దొర్లించింది. చౌరస్తాలో రిక్షావాళ్లు బెల్లులు కొట్టారు. ఎవరో తెలిసినామె “ఏందే భాగ్యా” అని అడిగింది. ఆగకుండా దొర్లించింది. రెండుసార్లు టైరు వంకరపోయి మోరీ కాలువ అంచుకు పోతే మోకాలు అడ్డం పెట్టి ఆపింది. అరచేతులు బొగ్గయ్యాయి. వెనక ఫియట్‌లో పర్శరాములు నడక వేగంతో వస్తున్నాడు. “అక్కా, బండ్ల పెట్టు, నేను తెస్త” అని రెండు మూడు సార్లన్నాడు. ఆమెకు బండి అక్కర్లేదు. ఆ కోపాన్ని అలా తోసుకుంటూ పోకపోతే ఇంటికి చేరేలోగా ఏడ్చేసేది. వెంకటరాజం వల్ల ఏడ్చిందన్న మాట కొత్తవాడలో వినబడడం ఆమెకు ఇష్టం లేదు.

మర్నాడు బుధవారం. టైరు కోసం ఎవరైనా వస్తారని చూసింది. వస్తే ఏమనాలో కండెలు చుడుతూ మాటలు పేర్చుకుంది. సాయంత్రం నర్సింగం అటుగా పోతూ బండి ఆపి, దిగకుండానే చెప్పాడు.

“ప్రెసిడెంటు సాబ్ చెప్పుమన్నడు. టైరు నీ దగ్గరనే పెట్టుకోవాల్నట. మగ్గం గుంటలేసుకుని దానిమీద కూసుంటె మెత్తగుంటదట.”

“రేపు మేడారం ఎట్ల పోతడు మరి, స్టెప్నీ లేకుంట?”

“పోతడు. ఆయన బండికేమైతది.”

అక్కడ తెగింది ఆమెకు. అరుగు మీది కండెల గంప కాలితో తోస్తే వాకిలంతా దొర్లాయి. వాటిని తానే ఏరుకోవాలి. ఏరుకుంటూ తిట్టింది. టైరు లాక్కొచ్చి ఏం సాధించింది? రూలు అందరికీ ఒకటేనని ఎక్కడో లోపల నమ్మింది గనక తెచ్చింది. టైరు లేకపోతే వాళ్లూ ఆగిపోతారనుకుంది. వాళ్లు ఆగరు. ఆ రూలు చేసిందే ఒక్క బండి కోసం. ఇంత చిన్న సంగతి తెలియడానికి ఆమెకు రెండేళ్లు పట్టింది, అందుకే తన మీద తనకు కూడా మండింది.

గురువారం పొద్దున పోచమ్మ మైదాన్ దగ్గర నూలు తెచ్చుకుంటుంటే వెంకటరాజం అంబాసిడర్ హనుమకొండ వైపు పోయింది. వెనక సీట్లో ముసలామె, కోడలు, పిల్లలు. ముందు సీట్లో ఇద్దరు మగవాళ్లు. చౌరస్తా దగ్గరి బట్టల దుకాణం వాళ్లు. మనవడి ఎత్తు బెల్లం తూకం వేయించి సమ్మక్కకు బంగారం మొక్కుకున్నారని పర్శరాములు ముందే చెప్పాడు. మేడారంలో బెల్లాన్నే బంగారమంటారు. ఆ గోనెసంచి డిక్కీలో పట్టక మూత తాడుతో కట్టి ఉంది. స్టెప్నీ ఉండాల్సిన చోట బెల్లమే ఉంది. వెంకటరాజం ఆమెను చూశాడు. హారన్ కొట్టి మరీ పోయాడు.

పదిగంటలు దాటాక నర్సింగం మళ్లీ వచ్చాడు. ఈసారి దిగాడు. మేడారం నుంచి తిరుగు గిరాకి దింపి నేరుగా ఇటే వచ్చినట్టున్నాడు, కనుబొమల మీద కూడా దుమ్ము.

“అక్కా, టైరు గావాలె.”

నిన్న అక్క అని పిలవలేదు వీడు.

“ఎవలికి?”

“రాజం అన్న బండి జంగాలపల్లి దాటినంక ఆగిపోయింది. ఎనుక టైరు బరస్టయింది. పంచర్ గాదు, నిలువునా చినిగింది. ఇగ అతుకు పడదు.”

“నీ బండిల స్టెప్నీ ఉన్నది గదా, ఇయ్యలేదా?”

నర్సింగం చెవి వెనక గోక్కున్నాడు. “ఇద్దామనే అనుకున్న. గిరాకోల్లు ఒప్పుకోలే. మా బండికి ఏమన్నయితె మేమేంగావాలె అన్నరు. అటుపోయే బండ్లోల్లు గూడ ఎవ్వలియ్యలే. ముసలామె, పిల్లలు ఎండల కూసున్నరు. ఇయ్యి అక్కా, నేను పట్టుకపోత.”

ఇవ్వను అనడం ఎంత సుఖంగా ఉండేదో. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఎండలో కూర్చున్నది వెంకటరాజం ఒక్కడే అయితే అనేదే. లోపలికి పోయి మగ్గం పక్కనున్న టైరును దొర్లించుకొచ్చింది. నర్సింగం చేయి చాచాడు. ఆమె అతన్ని దాటి, గిరాకి లేక గోడ నీడన ఉన్న ఫియట్ డిక్కీ దగ్గరికి పోయింది.

“పర్శరాం, మూత తియ్.”

“అక్కా, ఫియట్ గా రోడ్డుకు పోవద్దు గదా” అన్నాడు నర్సింగం. “రూలు…”

“స్టెప్నీ ఉండాలన్నరు. ఇగో, ఉన్నది. ఈ బండికి ఎక్కాలని రూల్ల రాసిన్రా?”

టైరు ఫియట్ డిక్కీలో సగమే పట్టింది. మూత పడలేదు. తాడు కట్టారు. భాగ్యమ్మ ముందు సీట్లో కూర్చుంది.

ములుగు రోడ్డంతా జాతరే. ఎడ్లబండ్లు, లారీలు, బస్సుల నెత్తిన మనుషులు, మేకలు, కోళ్లు. పర్శరాములు చిన్న బండిని సందు చూసి దూరుస్తూ పోయాడు. అంబాసిడర్లు ఆగిన చోట ఫియట్ ఆగలేదు. వాడి మొహంలో ఎప్పుడూ లేని వెలుగు చూసింది భాగ్యమ్మ. రెండేళ్లుగా వీణ్ని స్టేషనుకీ దవాఖానకీ మధ్య కట్టేశారు.

జంగాలపల్లి దాటాక మలుపులో అంబాసిడర్ ఒక పక్కకు ఒరిగి ఉంది. టేకు చెట్టు కింద బెల్లం సంచి, దానికి ఈగలు, పక్కన ముసలామె లక్ష్మీనర్సమ్మ చీర చెంగు నెత్తిన కప్పుకుని కూర్చుని ఉంది. చిన్నపిల్ల ఏడ్చి ఏడ్చి కోడలి ఒళ్లో పడుకుంది. వెంకటరాజం తెల్ల చొక్కా తెల్లగా లేదు. జాకీ ముందే ఎత్తి పెట్టాడు. ఎత్తి పెట్టుకుని ఏం చేశాడో పాపం, అంతసేపూ.

ఫియట్‌ను చూసి గబగబా వచ్చాడు. భాగ్యమ్మ దిగి తాడు విప్పింది.

“చిన్న బండికి స్టెప్నీ ఎందుకంటివి గదన్నా. పెద్ద బండికి తెచ్చిన, తీస్కో.”

“సరె చెల్లె, మాటలు తర్వాత. పర్శరాం, దించు.”

“ఆగు” అన్నాడు ముసలామె కొడుకు మల్లికార్జున్. వెంకటరాజం వైపు తిరిగాడు. “మొన్న మీరే గదా చెప్పింది, ఫియట్‌ల స్టెప్నీ ఉండదు, పిల్లలతోని పోయేది, మా బండే మంచిదని? మీ బండిల ఉన్నదంటె గదా మేమొచ్చింది.”

“ఉంటది సేట్. ఎప్పుడూ ఉంటది. మొన్ననే ఈమె ఎత్తుకపోయింది.”

“అది చెప్పకుంటనే మమ్ముల ఎక్కిచ్చుకున్నవా?”

వెంకటరాజం మెత్తటి నవ్వు కోసం వెతుక్కున్నాడు. దొరకలేదు.

లక్ష్మీనర్సమ్మ మోకాళ్లు పట్టుకుని లేచింది. “బిడ్డా, నీ బండేనా గిది? మేడారం పోతదా?”

“పోతది పెద్దమ్మా. కని దాంట్ల స్టెప్నీ లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్తాన. ఈ టైరు దీనికి రాదు.”

“లేదని చెప్పినవు, గంతే చాలు. సమ్మక్క తల్లి గద్దెకొచ్చే యాల్లకు నేనాడ ఉండాలె. మల్లికార్జున్, సామాన్లు గిండ్ల పెట్టు.”

“అమ్మా, పది నిమిషాలు ఆగితె టైరేస్తడు గదనే.”

“వేసుకోనియ్ ఆయనను. నేను మల్ల ఆ బండెక్క.”

అందరూ ఎక్కాక ఫియట్‌లో భాగ్యమ్మకు చోటు మిగల్లేదు. పర్శరాములు ఏం చేయాలో తెలియక అక్క వైపు చూశాడు. “నువ్వు పో. పైలంగ పో” అంది. బండి వెనక భాగం బెల్లం బరువుకు కిందికి కుంగి, మలుపు తిరిగి కనబడకుండా పోయింది. రోడ్డు పక్కన భాగ్యమ్మ, వెంకటరాజం, టైరు మిగిలారు.

అతను టైరు బిగించాడు. ఆమె చూస్తూ నిలబడింది. నట్లు అందివ్వలేదు. అతనూ అడగలేదు. అయ్యాక వెనక తలుపు తీసుకుని కూర్చుంది.

తిరుగు దారిలో వెంకటరాజం ములుగులో చాయ్ తెచ్చి కిటికీలోంచి ఇచ్చాడు. తాగింది. చాయ్ మీద ఆమెకేం కోపం లేదు. ములుగు దాటాకే అసలు భయం పట్టుకుంది. ఫియట్ పోయే దారిలో పస్రా, తాడ్వాయి, ఆ పైన అంతా అడవి. నాలుగు టైర్లూ అతుకులవే. నిండు బండి. వాడు ఆమె తమ్ముడు, ఎక్కినవాళ్లు ఎవరి పిల్లలో. ఆ సంబరంలో పంపేసింది, ఆ మనిషి ముందు ఓడకూడదని పంపేసింది. ఇప్పుడు వాళ్లకేమైనా అయితే వెంకటరాజం మెత్తగా “చెప్పలే?” అంటాడు. అనడానికి అతనికి హక్కుంటుంది. అది తలచుకుంటే కోపం ఇంకా పెరిగింది. అతను ముందే ఒక్క టైరు కొని ఉంటే ఆమె ఇలా పంతం పట్టేదా, ఇలా భయపడేదా?

స్టాండు ముందు జాతర జనం మూటలతో నిలబడి బండ్ల కోసం చూస్తున్నారు. అంబాసిడర్ ఆగగానే నలుగురు చుట్టుముట్టారు. వెంకటరాజం దిగి వెనక తలుపు తీశాడు.

“దిగు చెల్లె. వచ్చినం.”

“దిగ.”

“ఏంది?”

“ఫియట్‌కు టైరు కొన్నదాంక దిగ. నన్ను గుంజుతవో, నాతోనే మేడారం పోతవో నీ ఇష్టం.”

డ్రైవర్లు ఒక్కొక్కరే వచ్చి బండి చుట్టూ చేరారు. నర్సింగం ముందు నిలబడ్డాడు. గిరాకి వాళ్లు మూటలు దించి చూస్తున్నారు. వెంకటరాజం వంగి కిటికీలోంచి, ఎవరికీ వినబడకూడదన్నట్టు గొంతు తగ్గించాడు.

“ఎందుకు చెల్లె ఇజ్జత్ తీత్తవ్. ఇయ్యాల టైరు తెచ్చింది నిజమే, కాదంటలేను. కని నువ్వే చూడు, పర్శరాం స్టెప్నీ లేకుంటనే పోయిండు గదా. చిన్న బండి, ఏమైతది? పొద్దుమీకి మంచిగ తిరిగొస్తడు.”

“రాకుంటె?”

ఆమె గొంతు తగ్గించలేదు. మొదటిసారి కళ్లలో నీళ్లొచ్చాయి, తుడుచుకోలేదు.

“రాకుంటె అన్నా? రాకుంటె ఏమంటవ్? చిన్న బండిల పోయినోల్లు చిన్న మనుషులంటవా?”

వెంకటరాజం కిటికీ మీంచి చేతులు తీశాడు. ఏదో అనబోయి నర్సింగం వైపు చూశాడు. వాడు నవ్వలేదు. జేబులోంచి తన గిరాకి డబ్బులు తీసి బానెట్ మీద పెట్టాడు. పక్కనున్న డ్రైవర్ కూడా జేబులో చేయి పెట్టాడు. ఇంకొకడు, ఆ తరవాత ఇంకొకడు. చివరికి వెంకటరాజం కూడా పెట్టాడు. పెట్టేటప్పుడు ఎవరి మొహమూ చూడలేదు.

నర్సింగం నోట్లు పోగుచేసి పిడికిట్లో పట్టుకుని టైర్ల దుకాణం వైపు నడిచాడు. నాలుగడుగులు వేసి ఆగాడు. తిరిగొచ్చి, తల దించుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. మిగతావాళ్ల మొహాలు చూశాడు. ఎవరికీ తెలియదు. ఇన్నాళ్లు పక్కపక్కనే బండ్లు పెట్టుకున్నారు, ఒక్కడికీ తెలియదు.

“అక్కా, ఫియట్ టైరు సైజు ఎంత?”

“అయిదు ఇరువై, పద్నాలుగు” అంది భాగ్యమ్మ.